సీసపు గుండు మీది తెల్లపొర

మా తాతయ్య ఇంట్లో దేవుడి గూటి కింద ఒక పాలపిండి డబ్బా ఉండేది. అందులో ఏడు సీసపు తుపాకీ గుండ్లు ఉండేవి. గొల్లప్రోలు దగ్గరి మా మెట్టపొలంలో, వేర్వేరు సంవత్సరాలలో, దుక్కి దున్నేటప్పుడు నాగలి కర్రుకు తగిలి పైకి వచ్చినవి అవి. సెలవులకు వెళ్లినప్పుడు పిల్లలమందరం వాటితో గోలీలాడేవాళ్లం. గాజు గోలీ కంటే బరువుగా ఉండి దెబ్బ గట్టిగా తగులుతుందని వాటి కోసం పోట్లాడుకునేవాళ్లం. ఒక సంక్రాంతికి మా నాయనమ్మ ఇత్తడి బిందెలను చింతపండు, ఉప్పు వేసి తోముతుంటే, నేను పక్కన కూర్చుని రెండు గుండ్లను అదే చింతపండుతో తోమాను. గరుకుగా, సుద్ద పూసినట్టు తెల్లగా ఉన్న పైపొర కరిగిపోయి, కింద నుంచి మెరిసే లోహం బయటపడింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. చేతులు నీళ్లలో ముంచి తీసి, ఆ చేతులతోనే అరిసెలు తిన్నాను.

ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేశాను. సీసం గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ చింతపండు గుర్తుకు వచ్చేది. ఆ రోజు నేను చేసిన పనిలో రెండు తప్పులున్నాయని చాలాకాలం అనుకున్నాను: ఒకటి ఆరోగ్యానికి సంబంధించినది, రెండవది చరిత్రకు సంబంధించినది. ఇప్పుడు మాత్రం అది ఒకే తప్పు అని నా అభిప్రాయం. గుండు మీది తెల్లపొరే విషం, ఆ తెల్లపొరే సాక్ష్యం. దానిని తోమకుండా, గీకకుండా, కరిగించకుండా ఉంచినవాడు తన పిల్లలను కాపాడుకుంటాడు, తన పొలం చరిత్రనూ కాపాడతాడు. పొలంలో గుండు దొరికిన రైతు ఏం చేయాలన్న ప్రశ్నకు వైద్యుడు, పురావస్తు శాస్త్రజ్ఞుడు వేర్వేరు జవాబులు చెప్పరని చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ప్రాంతంలో ఈ గుండ్లు ఎందుకు దొరుకుతాయో ముందు చెప్పాలి. 1758 డిసెంబరులో, ఈనాడు కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలో ఉన్న చందుర్తి దగ్గర, ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీల సైన్యాలు తలపడ్డాయి. బొబ్బిలి యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ దక్షిణానికి వెళ్లిపోగా ఉత్తర సర్కారులలో ఫ్రెంచి సైన్యం కాన్‌ఫ్లాన్ చేతికి వచ్చింది. విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషువారి సాయం కోరగా, క్లైవ్ బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఫోర్డ్ వెంట దాదాపు 500 మంది యూరోపియన్ సైనికులు, 2,000 మంది సిపాయిలు ఉన్నారు. వీరు కాక విజయనగరం బలగం వేరు. ఎదుట కాన్‌ఫ్లాన్ దగ్గర కూడా దాదాపు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు ఉన్నారు.

ఆ యుద్ధాన్ని తేల్చింది ఒక చేను. మనిషిని కప్పేసేంత ఎత్తు పెరిగిన పంట వెనుక ఇంగ్లీషు యూరోపియన్ పటాలం ఫ్రెంచివారి కంటికి ఆనకుండా పోయింది. ఎర్ర దుస్తులు తొడుక్కున్న బెంగాలు సిపాయిలను చూసి, అదే యూరోపియన్ పటాలమని భ్రమపడి, ఫ్రెంచి దళం వారి మీద పడింది. సిపాయిలు చెదిరిపోయారు, వారిని తరుముతూ వరుస తప్పిన ఫ్రెంచివారి మీదికి చేను వెనుక నుంచి అసలు పటాలం వచ్చి దగ్గర నుంచి కాల్పులు జరిపింది. అక్కడి నుంచి ఫోర్డ్ రాజమహేంద్రవరం మీదుగా వెళ్లి, 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి మచిలీపట్నం కోట మీద దాడి చేసి పట్టుకున్నాడు. ఫ్రెంచివారి పలుకుబడి ఈ తీరంలో అంతటితో ముగిసింది. ఆ చేను ఎవరిదో, ఆ రైతుకు ఆ ఏడాది గింజ దక్కిందో లేదో ఏ కథనంలోనూ కనబడదు. ఈ యుద్ధం గురించి చదివినప్పుడల్లా నాకు సేనాధిపతుల కంటే ఆ రైతే ఎక్కువగా గుర్తుకు వస్తాడు.

అయితే, మా పొలంలో దొరికిన ప్రతి గుండూ చందుర్తి యుద్ధానిదే అని నేను అనను. అలా అనేవారిని నమ్మవద్దని కూడా చెబుతాను. ఈ నేల మీద జమీందారుల వేట తుపాకులు పేలాయి, పాలెగాళ్ల బంట్ల నాటు తుపాకులు పేలాయి, బందిపోట్ల మీద కాల్పులు జరిగాయి. ఒక్క గుండు ఏ యుద్ధాన్నీ రుజువు చేయదు. పది గుండ్లు ఎక్కడెక్కడ, ఏ స్థితిలో దొరికాయో తెలిస్తే మాత్రం అవి మాట్లాడడం మొదలుపెడతాయి. అందుకోసమే గుండును గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

దుక్కిలో దొరికే గుండ్రని వస్తువులన్నీ సీసం కావు. ఎర్రనేలల్లో ఇనుము కలిసిన రాళ్లు గోలీల్లాగే గుండ్రంగా దొరుకుతాయి. యంత్రాల బేరింగుల నుంచి రాలిన ఉక్కు గోలీలు, పాత కమ్మరి కొలుముల చిట్టెం, వలకు కట్టే సీసపు గుళ్లు కూడా కనిపిస్తాయి. వల గుండుకు తాడు దూరే రంధ్రమో చీలికో ఉంటుంది. చిట్టెం గాలి బుడగలతో గుల్లగా ఉండి, చూసిన పరిమాణానికి తగ్గ బరువు ఉండదు. ఉక్కు, ఇనుము అయస్కాంతానికి అంటుకుంటాయి, సీసం అంటుకోదు. పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం ముక్క ఈ పరీక్షకు చాలు. కత్తితో గీసి చూడడం, పంటితో కొరికి మెత్తదనం చూడడం మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ చేయకూడదు. ఊళ్లలో పెద్దలు కొరికి చూడడం నా కళ్లారా చూశాను.

అయస్కాంతం తరువాతి పరీక్ష బరువుది. సీసం ఒక ఘన సెంటీమీటరు 11.34 గ్రాములు తూగుతుంది, ఇనుము 7.87 గ్రాములే. గుండును పలుచటి పాలిథిన్ సంచిలో పెట్టి, సంచిని గట్టిగా అదిమి కట్టి, సన్నని కొలతలు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచండి. తరువాత అదే త్రాసు మీద, పారవేయదగిన ఒక ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పెట్టి, అంకెను సున్నా చేసి, గుండును దారంతో వేలాడదీసి అడుగుకు తాకకుండా నీటిలో ముంచండి. అప్పుడు త్రాసు ఎన్ని గ్రాములు చూపితే గుండు ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. బరువును దానితో భాగిస్తే పదకొండుకు దగ్గరగా వచ్చినది సీసం, ఎనిమిదికి దగ్గరగా వచ్చినది ఇనుము. ఆర్కిమిడీస్ సూత్రాన్ని నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పాను. ఒక గుండును ఇలా తూచి చూపి ఉంటే పిల్లలకు ఎంత బాగా అర్థమయ్యేదో అనిపిస్తుంది.

ఇక ఏ తుపాకీదో చెప్పగలమా అంటే, కొంతవరకు చెప్పగలం. ఆనాటి ఇంగ్లీషు సైనికుల మస్కెట్ అనే పొడుగు తుపాకీ గొట్టం లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు. అందులో వేసే గుండు అంతకంటే చిన్నది, సుమారు 17.5 మిల్లీమీటర్లు. మందుపొడి మసి గొట్టంలో పేరుకున్నా గుండు సులువుగా దిగాలని ఆ సందు ఉంచేవారు. అంత గుండు 32 గ్రాముల దాకా తూగుతుంది. ఫ్రెంచివారి మస్కెట్ గొట్టమే 17.5 మిల్లీమీటర్లు, దాని గుండు 16 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా ఉండి 25 గ్రాముల దరిదాపుల్లో తూగుతుంది. దెబ్బ తగిలి చదునైపోయిన గుండుకు వ్యాసం కొలవలేకపోయినా బరువు నుంచి లెక్క కట్టవచ్చు: గ్రాములలో బరువుకు ఘనమూలం తీసి 5.5తో గుణిస్తే మిల్లీమీటర్లలో మూల వ్యాసం ఇంచుమించుగా వస్తుంది. చిన్న తుపాకులకు, నాటు తుపాకులకు ఎవరి అచ్చు వారిదే కనుక ఏ లెక్కకూ అందని బరువులు కూడా వస్తాయి. అడుగున గుంట ఉండి, కొస మొనదేలి, పొడుగ్గా ఉన్న తూటా దొరికితే అది గుండు మస్కెట్ల కాలం ముగిసిన తరువాతిది, అంటే పంతొమ్మిదో శతాబ్దపు మధ్య నుంచి ఇటువైపుది. చందుర్తికి దానితో సంబంధం లేదు.

గుండు ఒంటి మీది గుర్తులు ఇంకా విలువైనవి. రెండు చిప్పల అచ్చులో సీసం పోసి చేసేవారు కనుక, నడుము చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది. సీసం పోసిన చోట తోక కత్తిరించిన చదును మచ్చ కనిపిస్తుంది. ఈ రెండూ చెక్కుచెదరకుండా గుండ్రంగా ఉన్నది బహుశా పేల్చని గుండు: తుపాకీ నింపుతూ కంగారులో సైనికుడు జారవిడిచినది. నడుము చుట్టూ పట్టీలాగా ఒరుసుకుపోయిన గుర్తు ఉంటే గొట్టంలో నుంచి పోయినది. ఒక వైపు నాణెంలా చదునైనది దేనినో గట్టిగా తాకినది. ఒంటి నిండా పక్కపక్కన చదును పలకలు ఉంటే, డబ్బాలో నింపి ఫిరంగితో పేల్చిన గుండ్లలో ఒకటై, పక్కవాటితో నొక్కుకుపోయి ఉండవచ్చు. అమెరికాలో 1778 నాటి మన్‌మత్ యుద్ధభూమిలో దొరికిన గుండ్లను పరిశీలించినవారు పంటి గాట్లున్న కొన్నింటిని పందులు నమిలినవిగా గుర్తించారు. నొప్పి ఓర్చుకోవడానికి గాయపడిన సైనికులు కొరికారని అంతకుముందు చెప్పుకునే కథ కంటే ఇది నాకు నమ్మదగినదిగా తోస్తుంది. పంది ముట్టె పెట్టని పొలం మన ఊళ్లలో మాత్రం ఎక్కడుంది.

ఇప్పుడు ఈ గుర్తులన్నీ ఎక్కడున్నాయో ఆలోచించండి. అవి తెల్లపొరలోనూ, దాని కిందనే ఉన్న వెంట్రుకవాసి మందంలోనూ ఉన్నాయి. సీసం మట్టిలోని తేమతో, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఏళ్ల తరబడి మెల్లగా లెడ్ కార్బొనేట్‌గా మారుతుంది. కొన్ని నేలల్లో అది గోధుమ రంగుకో, బూడిద రంగుకో తిరుగుతుంది. ఈ పొర లోపలి లోహాన్ని ఇంకా చెడిపోకుండా కాపాడుతుంది. పాత గాటు మీద కూడా పొర పట్టి ఉంటుంది. రోటవేటరు బ్లేడు నిన్న చేసిన గాటు వెండిలా మెరుస్తూ ఉంటుంది. పాత దెబ్బ ఏది, కొత్త దెబ్బ ఏది అని చెప్పగలిగేది ఆ పొర ఒక్కటే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మరసం, వెనిగర్ ఏదైనా ఈ పొరను కరిగిస్తాయి. నేను తోమిన ఆ రెండు గుండ్ల మీద ఈరోజు అతుకు గీత ఉందో లేదో భూతద్దంతో చూసినా తెలియడం లేదు. అవి పేల్చినవో కాదో నేను చెప్పలేను. ఇక ఎవరూ చెప్పలేరు.

అదే పొర కరిగి ఎక్కడికి పోయింది అన్నది వైద్యుడు అడిగే ప్రశ్న. గట్టి సీసం ముక్కను చేత్తో పట్టుకున్నంత మాత్రాన అది చర్మం గుండా చెప్పుకోదగినంతగా ఒంట్లోకి పోదు. ప్రమాదం నోటి దారిన, ముక్కు దారిన వస్తుంది. తెల్లపొర వేలికి అంటే పొడి. కడుపులోని ఆమ్లంలో అది లోహం కంటే సులువుగా కరుగుతుంది. గుండును గీకితే లేచే ధూళి, పొడి బ్రష్షుతో రుద్దితే లేచే ధూళి ఊపిరితో లోపలికి పోతాయి. ఒంట్లో చేరిన సీసం నెత్తురులో తిరిగి, ఎముకలలో, పళ్లలో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. గర్భం దాల్చినప్పుడు ఆ ఎముకల నుంచి మళ్లీ నెత్తురులోకి వచ్చి కడుపులోని బిడ్డకు చేరుతుంది. నెత్తురులో ఇంత వరకు ఉంటే పరవాలేదు అని చెప్పగలిగే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మింగిన సీసంలో పెద్దవారి కంటే పిల్లల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువ ఇంకుతుందని కూడా చెబుతుంది. లక్షణాలు బయటపడకుండానే పిల్లల చదువు, ఏకాగ్రత దెబ్బతినవచ్చు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత వంటివి వచ్చినా ఎవరూ సీసాన్ని అనుమానించరు.

మన జిల్లాలలో సీసం అన్న మాట ఇంటింటా వినబడిన సందర్భం నాకు తెలిసి ఒకటే. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల నెత్తురులో సీసం, నికెల్ కనిపించాయని వార్త వచ్చింది. తరువాత నిపుణులు పురుగుమందుల వైపు వేలు చూపారు. ఆ కారణం మాట అటుంచితే, ఆ వారం రోజులు మా వీధిలో అందరూ సీసం గురించి అడిగారు, ఆ తరువాత మరచిపోయారు. నైజీరియాలోని జంఫారాలో 2010లో బయటపడిన విషాదాన్ని మాత్రం మరవకూడదు. అక్కడ బంగారం కోసం సీసం కలిసిన ఖనిజాన్ని ఇళ్ల దగ్గర దంచి పొడి చేయగా, ఆ ధూళి వల్ల వందల మంది చిన్నపిల్లలు చనిపోయారు. ఒక గుండుతో అంత ప్రమాదం వస్తుందని నేను భయపెట్టడం లేదు. సీసం నేలలో ఉన్నప్పటికంటే మనుషుల చేతిలో పొడి అయినప్పుడు ఎక్కువ హాని చేస్తుందని చెబుతున్నాను.

పొడి కంటే ఘోరమైనది కరిగించడం. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక కట్టెల పొయ్యి చాలు. వలలకు గుండ్లు పోసుకోవడానికి, నూలుగుండు చేయించుకోవడానికి పాత గుండ్లను మూకుట్లో కరిగించడం నేను ఎరుగుదును. ఆ పొగ, పైన తేలే తెట్టు రెండూ విషమే. ఇంటి పొయ్యి మీద చేస్తే ఆ మూకుడు, ఆ బూడిద, ఆ గోడలు అన్నీ మైలపడతాయి. మట్టి పగుళ్లలో తేమ నిలిచిన గుండును కరిగిన సీసంలో వేస్తే, ఆవిరి ఒక్కసారిగా చిమ్మి మొహం మీద పడుతుంది. ఇక చరిత్ర సంగతి చెప్పనక్కర లేదు: కరిగిన తరువాత ఫ్రెంచి గుండు, ఇంగ్లీషు గుండు, పక్క ఊరి వేటగాడి గుండు ఒక్కటే.

కరిగించకూడదనడానికి మరొక కారణం కూడా ఉంది: సీసం అంటే తూటా మాత్రమే కాదు. శాతవాహనులు సీసంతో నాణేలు వేశారు. కోటిలింగాల, పెద్దబంకూరు వంటి చోట్ల అటువంటివి దొరికాయి. మట్టి పట్టి, పొర పట్టి, ఆకారం చెదిరిన సీసపు బిళ్లను చదునైన తూటా అనుకుని కరిగించినవాడు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి నాణేన్ని కరిగించి ఉండవచ్చు. ఏది ఏదో తెలియనంతకాలం కరిగించే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు ముట్టుకోనే కూడని వస్తువులను కూడా ఇక్కడే చెప్పాలి. అడవి పందుల కోసం చేల గట్ల మీద పెట్టే నాటుబాంబులు గుండ్రంగా, దారమో గుడ్డో చుట్టి, పైన ఎర పూసి ఉంటాయి. వాటిని తాకి చేతులు పోగొట్టుకున్నవారు, పశువుల నోళ్లు చిద్రమైన రైతులు మన రాష్ట్రాలలో ఉన్నారు. చేతి పిడికిలి కంటే పెద్దదైన ఇనుప గుండుకు ఒక చోట రంధ్రం ఉంటే, అది లోపల మందు నింపి పేల్చే బోలు గుండు కావచ్చు. పాతబడినంత మాత్రాన మందు చచ్చిందని అనుకోకూడదు. ఇత్తడి తొడుగుతో ఉన్న తూటా కింది బిళ్ల నొక్కుకోకుండా ఉంటే అది పేలని తూటా. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఉన్న చోటే వదిలి, పిల్లలను, పశువులను దూరం పెట్టి, పోలీసులకు చెప్పాలి. మామూలు సీసపు గుండుకు లోపల మందు ఉండదు; అది పేలదు.

ఇక గుండు దొరికిన క్షణానికి వద్దాం. మొదట తీయకండి. ఉన్న చోట ఉన్నట్టుగా, పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి ఫోటో తీయండి. రూపాయి నాణేలు వేర్వేరు కొలతలలో ఉన్నాయి కనుక, ఆ నాణెం వ్యాసాన్ని కూడా కొలిచి రాసుకుంటే గుండు కొలత తెలుస్తుంది. ఫోనులోని మ్యాపులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. సర్వే నంబరు, గట్టు నుంచి ఎన్ని అడుగులు, సాలులో ఎంత లోతు, ఏ తేదీ అన్నవి రాయండి. తరువాత చేతికి తొడుగు వేసుకుని, లేకపోతే పాలిథిన్ సంచిని చేతికి చుట్టుకుని, అంటిన మట్టితో సహా తీసి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ వివరాల చీటీని వేరే చిన్న సంచిలో పెట్టి జత చేయండి. చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే బీడీ గానీ, అన్నం గానీ. కడిగితీరాలనిపిస్తే పంపు కింద ఒక్కసారి నీటితో తొలిచి వదిలేయండి. ఆ నీళ్లు కుడితి తొట్టిలోనో, కూరమడిలోనో పడకూడదు. పశువులు సీసాన్ని నాకి చచ్చిపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన విషయం. దాచేటప్పుడు చెక్క పెట్టెలో, అట్టపెట్టెలో పెట్టవద్దు: చెక్క, అట్ట విడిచే ఆమ్లపు ఆవిర్ల వల్ల సీసం మళ్లీ తెల్లపొడిగా రాలుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మేలు. పిల్లవాడు గుండు మింగితే, బయటికి వచ్చేస్తుందిలే అని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గుండ్లతో ఆడిన పిల్లలకు నెత్తురులో సీసం పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగవచ్చు.

చోటు గురించి ఇంత పట్టుదల ఎందుకని చాలామంది అడుగుతారు. ఇంగ్లండులో 1485 నాటి బోస్‌వర్త్ యుద్ధం ఒక కొండ మీద జరిగిందని తరతరాలుగా నమ్మి, అక్కడ సందర్శకుల కేంద్రం కూడా కట్టారు. తరువాత పొలాలలో దొరికిన సీసపు గుండ్ల చోట్లను ఒక్కొక్కటిగా పటం మీద గుర్తిస్తూ పోతే, అసలు యుద్ధం అక్కడికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో జరిగిందని తేలింది. ఆ గుండ్లను ఎవరో ముందే ఏరుకుని డబ్బాలో పోసుకుని ఉంటే ఆ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. చందుర్తి దగ్గర ఇంగ్లీషు పటాలాన్ని దాచిన ఆ చేను ఎక్కడ ఉండేది? పేల్చని 32 గ్రాముల గుండ్లు ఒక వరుసలో దొరికితే పటాలం నిలబడిన చోటు అది కావచ్చు. వాటికి ఎదురుగా చదునైన గుండ్లు దొరికితే ఫ్రెంచివారు పడిన చోటు అది కావచ్చు. ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాలలో లేదు, మా ప్రాంతపు దుక్కి సాళ్లలో ఉంది. మా తాతయ్య డబ్బాలోని ఏడు గుండ్లు పొలంలో ఏ మూల దొరికాయో ఆయనకు తెలుసు. ఆయనను అడిగి రాసుకోవాలని మాకెవరికీ తోచలేదు.

గుండ్ల కోసం తవ్వమని నేను అనడం లేదు. గుప్తనిధుల పేరుతో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని రాత్రిళ్లు తవ్వేవారు గుళ్లనూ కోటలనూ ఏం చేశారో చూస్తున్నాం. తవ్వితే చోటు చెదురుతుంది. రక్షిత స్థలాలలో తవ్వడం నేరం కూడా. దున్నినప్పుడు, వాన కడిగినప్పుడు తానుగా పైకి వచ్చిన దానిని గౌరవంగా తీసుకోవడమే మన పని. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాల కోసం వంగి నడిచేవారికి రాయి కోసం నేలను అణువణువూ చూసే ఓర్పు ఉంది. అదే కంటికి సీసం కూడా ఆనవచ్చు. దొరికిన చోటును ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పటం మీది చుక్కను ప్రభుత్వానికి చెప్పడం వేరు, నిధుల వేటగాళ్లకు చెప్పడం వేరు.

ప్రభుత్వానికి చెప్పడం దగ్గరే రైతు ఆగిపోతాడు. మా ఊరి ట్రాక్టరు డ్రైవరుతో నేను ఈ మాట అన్నప్పుడు, “చెబితే పొలం పోద్దేమో అండీ మాస్టారూ” అన్నాడు. ఆ భయం అబద్ధం కాదు, అనుభవం లోంచి వచ్చినది. దానిని తేలికగా తీసిపారేయలేను. చట్టం ఏం చెబుతుందో మాత్రం తెలుసుకుందాం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన, పది రూపాయల విలువ మించిన వస్తువు గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రభుత్వం తీసుకోదలిస్తే వస్తువులోని పదార్థం విలువకు అందులో ఐదో వంతు కలిపి చెల్లించాలని కూడా అదే చట్టంలో ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన వస్తువులను పురావస్తువులుగా లెక్కించి, వాటిని విదేశాలకు పంపడాన్ని నిషేధిస్తుంది. ఒక పొలం రక్షిత స్థలం కావాలంటే ప్రకటన వెలువడాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. ఒక గుండు దొరికిందని రాసి ఇచ్చినంత మాత్రాన ఎవరూ వచ్చి గట్టు చుట్టూ కంచె వేయలేరు.

అయినా తప్పు రైతుదే అని నేను ఒప్పుకోను. నేను ఒకసారి ఈ గుండ్ల వివరాలు కాగితం మీద రాసి ఒక కార్యాలయానికి తీసుకువెళితే, “ఇలాంటివి మేమేం చేసుకుంటామండీ, బంగారమా?” అని తిప్పి పంపారు. ఆ మాట విన్న రైతు రెండోసారి ఎందుకు వస్తాడు? గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టరు, ఏ వస్తువు ఏ సర్వే నంబరులో దొరికిందో రాసుకునే నాలుగు గడులు, ఏడాదికొకసారి పురావస్తు శాఖ నుంచి ఎవరైనా వచ్చి చూసే ఏర్పాటు, వస్తువును రైతు దగ్గరే ఉంచుకోనిచ్చే భరోసా ఉంటే, ఇప్పుడు మూకుళ్లలోకి పోతున్న సీసంలో సగమైనా మిగులుతుంది. కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రభుత్వ మ్యూజియం, రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం మాకు గంట రెండు గంటల దూరంలోనే ఉన్నాయి. అటువంటి రిజిస్టరు పుట్టేవరకు, చరిత్ర చెప్పే స్థానిక కళాశాల అధ్యాపకుడికి ఒక నకలు, తహసీల్దారుకు ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం నేను చేస్తున్న పని.

తాతయ్య డబ్బాలోని ఏడింటిలో తోమని ఐదు గుండ్లను కిందటేడు తూచాను. మూడు 32 గ్రాములకు ఇటూ అటూ వచ్చాయి. ఒకటి 25.4, ఒక వైపు పూర్తిగా చదును. ఐదోది 19 గ్రాములు, ఏ లెక్కలోనూ చేరలేదు. ఐదింటికీ సంచుల మీద “చోటు తెలియదు” అని రాయవలసి వచ్చింది. తోమిన రెండింటికి “చింతపండుతో తోమినవి” అని అదనంగా రాశాను.

మొన్న కార్తీకంలో ఆ ట్రాక్టరు డ్రైవరు పొద్దున్నే ఫోను చేశాడు. పడమటి గట్టు దగ్గర రోటవేటరు వెనుక తెల్లగా ఒకటి కనబడిందనీ, ముట్టుకోలేదనీ, పక్కన కంది పుల్ల గుచ్చి ట్రాక్టరు ఆపేశాననీ చెప్పాడు. తొడుగులు, త్రాసు, రూపాయి నాణెం సంచిలో వేసుకుని వెళ్లాను. పుల్ల పక్కన, రెండు అంగుళాల లోతున, అతుకు గీత స్పష్టంగా కనిపిస్తూ, తోక కత్తిరించిన మచ్చతో సహా ఉంది గుండు. బరువు 31.6 గ్రాములు. పేల్చినది కాదు. సంచి మీద మొదటిసారిగా ఒక సర్వే నంబరు రాశాను.